ఆదివారం తెలుగు తరగతి: సంఘం వార్షిక నివేదిక, జూన్ 2024 - మే 2025

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది ఎప్పటిలాగే బాగా జరిగాయి. పుస్తకాల బీరువా కమ్యూనిటీ హాల్లోంచి మెట్ల కిందికి మారింది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. జమాఖర్చులు విడిగా పంపాం. ఇక మిగతాదంతా ఆదివారం తెలుగు తరగతి గురించే రాస్తున్నాను. ఈ ఏడాది మనం నిజంగా మార్చింది దాన్నే.

కిందటేడు వరకు తరగతి అ, ఆలతో మొదలయ్యేది. గుణింతాలు వచ్చేసరికి చాలామంది మానేసేవాళ్లు. మిగిలినవాళ్లు 'ఏనుగు' అని గుండ్రంగా రాసేవాళ్లు కానీ, ఏనుగు గురించి ఒక్క మాట చెప్పమంటే ఇంగ్లీషులోకి వెళ్లిపోయేవాళ్లు. బెంగళూరులో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు, కింద ఆడుకునేటప్పుడు కన్నడం, హిందీ. తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. అలాంటి పిల్లలకు ముందు అక్షరం పెట్టడం మన పొరపాటు.

మొదట అమెరికన్ భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ చెప్పిన దారి పట్టాం. భాష సూత్రాలు బట్టీపడితే రాదు, తనకు వచ్చినదానికన్నా ఒక్క మెట్టు పైనున్న మాటలు అర్థమయ్యేలా వింటూ ఉంటే వస్తుంది, మాట్లాడమని తొందరపెట్టకూడదు అంటాడాయన. మూడు నెలలపాటు కథలే చెప్పాం. పిల్లలు టెన్షన్ లేకుండా కూర్చున్నారు, నవ్వాల్సిన చోట నవ్వారు. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో ఏళ్ల తరబడి చదివిన, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్ని చూసి భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో చెప్పింది ఇదే. విని అర్థం చేసుకోవడం బాగా వచ్చినా మాట్లాడటంలో వెనకబడ్డారు. చెప్పక తప్పని అవసరం వస్తేనే తమకు ఏ మాట రాదో వాళ్లకు తెలుస్తుంది. మన తరగతిలో నెలల తరబడి కూర్చున్నాక నాకు ఆవిడ మాటే నిజమనిపించింది.

ఆ అవసరం కల్పించే దారి మన ఊళ్లోనే దొరికింది. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు, ఆయన సహచరులు దక్షిణాది బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి, పనులు చేయిస్తూ ఇంగ్లీషు నేర్పారు. రైళ్ల టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనేవారు, మ్యాపు ఇచ్చి దారి చెప్పమనేవారు. మనసు పనిమీద ఉంటే భాష దానంతటదే పడుతుందన్నది వాళ్ల నమ్మకం. భాషా బోధన చదివేవాళ్లు ఇవాళ్టికీ దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అనే అంటారు.

మేమూ ఒక పని ఇచ్చాం. మే నెలలో ప్రతి పిల్లా అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి ఆవకాయ కొలతలు రాసుకోవాలి. తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతి స్పీకర్ పెట్టి అడిగింది. "మానెడు ముక్కలకి సోలెడు కారం" అని అవతలినుంచి జవాబు. "సోలెడు అంటే?" "నాలుగు గిద్దెలే తల్లీ." "గిద్దె అంటే ఎంత నాయనమ్మా?" అవతల కాసేపు నవ్వు, తర్వాత ఇంట్లో ఉన్న గ్లాసులతో లెక్క. నూనె ముందా, ఉప్పు ముందా అని మళ్లీ ప్రశ్న. ఆ పిల్ల పది నిమిషాలు తెలుగులోనే మాట్లాడింది, ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు.

తప్పులు వస్తాయి. వాటిని ఎర్ర సిరాతో కొట్టేయడం మానేశాం. భాషావేత్త పిట్ కార్డర్ 1967లోనే అన్నాడు, నేర్చుకునేవాళ్ల తప్పు వాళ్ల మనసులో భాష ఎంతవరకు కట్టుకుందో చూపిస్తుందని. "అమ్మ వచ్చాడు" అన్న పిల్లాడికి "అవునా, అమ్మ వచ్చిందా?" అని తిరిగి అంటున్నాం, అంతే. ఇంకో పిల్లాడు నన్నే నిలదీశాడు. కన్నడంలో 'అవళు బందళు', 'హసు బంతు' అని వేరుగా ఉంటే, తెలుగులో ఆవిడా, ఆవూ రెంటికీ 'వచ్చింది' ఏమిటని. అంత సూక్ష్మం పట్టుకున్నవాడికి వ్యాకరణం ఇక చెప్పొచ్చు, అడిగాడు కాబట్టి.

"అక్షరాలు ఎప్పుడు?" అని కొందరు తల్లిదండ్రులు గట్టిగానే అడిగారు. వాళ్ల ఆదుర్దా న్యాయమైనదే. జనవరి నుంచి నేర్పుతున్నాం. బడిలో కన్నడం చదివే పిల్లలకు ఇది సగం తెలిసిన లిపే. తలకట్టు తీరు, 'త', 'శ' లాంటి కొన్ని అక్షరాలు వేరుగా చూపిస్తే చాలు, మిగతావి వాళ్లే పోల్చుకుంటున్నారు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి జరిపాం. సవరలనే గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించిన మనిషి ఆయన. ఆ సంగతి చెప్పినప్పుడు పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "సవరలో నమస్తే ఎలా అంటారు?"

వచ్చే ఏడాదికి పుస్తకాలకన్నా మనుషులు కావాలి. ఊళ్లనుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు నెలకో ఆదివారం ఒక గంట ఇస్తే చాలు. పాఠం చెప్పక్కర్లేదు. విత్తనాల గురించో, పెళ్లి వంటల గురించో, మీకు తెలిసింది చెప్పండి. పిల్లలు అడుగుతూనే ఉంటారు. మీ పేర్లు బీరువా పక్కనున్న నోటుబుక్కులో రాయండి.