క్లీనర్ లేని బండి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయిందిరా. క్లీనర్ని వేరే బండికి పంపేసి, వెనక లైటు బాగుచేయించకుండా, రాత్రి పదింటికి లారీ రివర్స్ చెయ్యమని, గోడకి తగిలితే "చూసుకోవాలి కదా" అంటారా? పైగా జీతంలో కోతా! దేంతో చూసుకుంటావురా నువ్వు?

నీకు సిబ్లియెవ్ అనే రష్యా వ్యోమగామి సంగతి చెప్పాలి. రష్యావాళ్లకి అప్పట్లో మీర్ అని అంతరిక్ష కేంద్రం ఉండేది. తిండీ, నీళ్లూ, ఇంధనమూ ప్రోగ్రెస్ అనే మనిషి లేని బండ్లు మోసుకెళ్లేవి. సరుకు దించుకున్నాక వాటి నిండా చెత్త కూరి వదిలేస్తే కిందికి దిగుతూ గాలి రాపిడికి కాలిపోయేవి. మన వీధి చెత్తబండి కూడా అంత పద్ధతిగా పోదు.

మామూలుగా అవి కుర్స్ అనే రాడార్ సాయంతో వాటంతట అవే వచ్చి తగులుకునేవి. సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక కుర్స్ తయారీ ఉక్రెయిన్ వాటాకి పోయింది, ఖర్చు పెరిగింది. చేత్తోనే నడిపితే పోలా అనుకున్నారు పైవాళ్లు. 1997 జూన్ 25న చెత్త నింపిన ప్రోగ్రెస్ ఎం-34తో ఆ ప్రయోగం. బండి బరువు సుమారు ఏడు టన్నులు. కమాండర్ వాసిలీ సిబ్లియెవ్ మీర్‌లో కూర్చుని, ఆ బండికున్న కెమెరా చూపించేది టీవీ తెర మీద చూస్తూ దాన్ని దగ్గరికి తేవాలి. ఆయన భూమ్మీద శిక్షణ ముగించి అప్పటికే నాలుగు నెలలు దాటింది. దూరం చెప్పే రాడార్ ఆపేశారు. తెర మీద చూస్తే కింద తెల్లటి మేఘాలు, వాటిలో మీర్ కలిసిపోయింది. తోటి వ్యోమగామి లజుత్కిన్ బండి కోసం కిటికీల దగ్గర వెతుకుతున్నాడు, అచ్చం మన క్లీనర్ పనే. బండి కంటపడేసరికి మీదికి వచ్చేసింది. స్పెక్టర్ అనే గదిని గుద్దేసింది.

చెవులు దిబ్బడేయడంతోనే గాలి కారిపోతోందని తెలిసింది. తలుపు మూద్దామంటే గుమ్మంలోంచి కేబుళ్లు! కొన్ని ఊడబీకి, కొన్ని లజుత్కిన్ కత్తితో కోసేశాడు. మూత పెడితే ఇవతలి గాలి ఒత్తిడికి అదే అతుక్కుపోయింది. అమెరికావాడు మైఖేల్ ఫోల్ సొంత సామానంతా ఆ గదిలోనే ఉండిపోయింది, పాపం.

కరెంటు పోయింది, కేంద్రం తిరగడం మొదలెట్టింది. అప్పుడు ఫోల్ ఏం చేశాడో తెలుసా? కిటికీ దగ్గర చెయ్యి చాచి, బొటనవేలు అడ్డం పెట్టి, నక్షత్రాలు దాన్ని ఎంతసేపట్లో దాటుతున్నాయో చూసి, ఎంత వేగంగా తిరుగుతున్నారో లెక్కగట్టాడు! నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ బొటనవేలేరా.

నింద మాత్రం ముందుగా సిబ్లియెవ్ మీదే పడింది. రాడార్ ఆపించినవాళ్లని వదిలేసి, తెర ముందు కూర్చున్నవాణ్ణి పట్టుకున్నారు. అదే మనిషిని 2003లో కాస్మొనాట్ల శిక్షణ ఇచ్చే గగారిన్ కేంద్రానికి అధిపతిని చేశారు.

సరే, వెనక లైటు పాడైందని నువ్వు ముందే చెప్పావన్నావు కదా, ఎవరికి, ఏ రోజు చెప్పావో కాగితం మీద రాసిపెట్టు. కోత స్లిప్పు ఫొటో కూడా పంపు. ఆదివారం మా బావ వస్తున్నాడు, లేబర్ కేసులు ఆయనకి బాగా తెలుసు, చూపిస్తాను.

నీ
శీను