రవికి, టజారా రైలు గురించి

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైనా జవాబు రాయలేకపోయినందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం, అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, మిగతా కబుర్లు తర్వాత. టాంజానియా, జాంబియాలను కలిపే టజారా రైలుమార్గం గురించి నీకు చెప్పేదాకా నా మనసు ఆగేలా లేదు, స్టేషను మాస్టారూ! (ఆ పేరు నీకెందుకు వచ్చిందో మనిద్దరికే తెలుసు.)

చైనా, ఆఫ్రికా సంబంధాలపై నేను చదివిన వాటిలో అప్పుల లెక్కలు, గనుల ఒప్పందాలే ఎక్కువ. అసలు కథ అంతకు చాలా ముందుది. 1965లో జాంబియాకు దక్షిణాన ఉన్న రొడీషియాలోని (ఇప్పటి జింబాబ్వే) తెల్లవారి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, సముద్రతీరం లేని జాంబియాకు తన రాగిని రేవుకు చేర్చే దక్షిణపు దారి నమ్మరానిదైపోయింది. కొత్త రైలుమార్గం గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు, పాశ్చాత్య దేశాలు తప్పుకున్నాయి. అప్పటికి తానే పేదదేశమైన చైనా మాత్రం వడ్డీలేని రుణమిచ్చి, 1970–75 మధ్య టాంజానియా రేవు పట్టణం దారెస్సలాం నుంచి జాంబియాలోని కపిరి ఎంపోషి దాకా 1,860 కిలోమీటర్ల పట్టాలు వేయించింది. ఆ పనిలో 60 మందికి పైగా చైనా కార్మికులు, నిపుణులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది సమాధులు దారెస్సలాం శివారులో ఉన్నాయి. ఊరుగాని ఊళ్ళో మట్టిలో కలిసిపోయిన ఆ మనుషుల కుటుంబాలను తలచుకుంటే...

సరే, నన్ను ఇంతగా కదిలించిన విషయానికి వస్తాను. జేమీ మాన్సన్ అనే చరిత్రకారిణి ఆ రైలు చరిత్రను ఒప్పంద పత్రాలతోనే సరిపెట్టకుండా, చిన్న స్టేషన్లలోని పార్సిల్ రసీదులను కూడా ముందేసుకుని చదివింది! పార్సిల్ ఏ స్టేషనులో ఎక్కింది, ఎక్కడికి వెళ్ళింది, అందులో ఏముంది అన్నది చెప్పే కాగితాలు అవి. రాగి కోసం వేసిన పట్టాల మీద, అన్ని చోట్లా ఆగే ప్యాసింజరు బండిలో, టాంజానియాలోని కిలొంబెరో లోయ రైతులూ చిల్లర వర్తకులూ బియ్యం, అరటిపళ్ళు తరలించి బతుకుతెరువు చూసుకున్నారని ఆమె పరిశోధన చూపింది. రెండు దేశాల అధినేతల మాటల కంటే ఒక బియ్యం బస్తా రసీదే ఆ బంధం గురించి ఎక్కువ చెబుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. "నష్టాల్లో ఉన్న లైను, ఇక చెప్పేదేముంది?" అని నువ్వు వాదిస్తావని తెలుసు. ఆ నష్టం నిజమే, కానీ లాభనష్టాల పట్టికలో ఆ లోయ రైతు ఎక్కడ కనిపిస్తాడు?

ఇటువైపు ఆఫ్రికా వర్తకులు చైనాకు వెళ్ళిన కథ ఇంకొకటుంది. గ్వాంగ్‌జౌలోని షియావ్‌బే పేట మీద ఘనాకు చెందిన భాషాశాస్త్రవేత్త ఆడమ్స్ బొడోమో చేసిన పని... తమ్ముడు పోస్టాఫీసుకు బయలుదేరుతున్నాడు, కవరు అంటించాలి. అది వచ్చే ఉత్తరంలో.

నీ
శ్రీను