చిలీకి బయలుదేరే ముందు ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీని ఇంటర్ రోజుల నుంచీ చదువుతున్నాను. విదేశీ చదువులు అనగానే వీసా, ఫీజులు, బ్యాంకు రుణం, ఆపైన ఉద్యోగం. వ్యాసాలన్నీ వీటి దగ్గరే ఆగిపోతున్నాయి. ఇవి అక్కర్లేదని అనను. కానీ వెళ్లబోయే దేశం ఎలాంటిదో, అక్కడి మనుషులు ఏమేం దాటుకొచ్చారో ఎవరు చెబుతారు?

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఒక ఖగోళ పరిశోధక బృందంతో కొన్ని వారాలు పనిచేయడానికి జులైలో చిలీ వెళ్తున్నాను. దేశం దాటడం ఇదే మొదలు. నేరుగా విమానం లేదు, గడియారం తొమ్మిదిన్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. మన జులై వాళ్లకు నడి చలికాలం. రాత్రులు పొడుగ్గా ఉంటాయి, ఆకాశం చూసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

ఉత్తర చిలీలోని అటకామా ఎడారిలో వాన పడటమే అరుదు. తూర్పు నుంచి వచ్చే తేమను ఆండీస్ పర్వతాలు అడ్డుకుంటాయి. పడమట తీరం వెంబడి పారే చల్లని హంబోల్ట్ ప్రవాహం వాన మేఘాలను ఎదగనివ్వదు. అందుకే ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు చాలా అక్కడికే చేరాయి. 2,635 మీటర్ల ఎత్తున్న పరనాల్ కొండ మీద నాలుగున్నాయి, ఒక్కోదాని అద్దం వెడల్పు 8.2 మీటర్లు. వాటి పేర్లు దక్షిణ చిలీ మూలవాసులైన మపూచేల భాషలోవి: సూర్యుడు, చంద్రుడు, త్రిశంకు, శుక్రుడు. 1999లో ఈ పేర్లు పెట్టినప్పుడు, వాటి అర్థం గురించి రాయమని ఆ ప్రాంతపు బడిపిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారట, ఒక అమ్మాయి గెలిచిందట. అది చదివిన రోజు నాకు పట్టరానంత సంతోషం కలిగింది. ఆ కొండ మీదికి సందర్శకులను శనివారాల్లో, అదీ పగటిపూటే రానిస్తారు. ఆ అద్దాలను దగ్గర నుంచి చూస్తే చాలు నాకు.

నా అసలు ఎదురుచూపు మాత్రం ఏ పరికరమూ లేకుండా కనిపించే వాటి కోసం. మనకు దక్షిణ దిక్కున కిందుగా కనబడే వృశ్చిక రాశి అక్కడ నడినెత్తికి వస్తుంది. ధ్రువ నక్షత్రం అసలు కనబడదు. ఇక పెద్ద మెజిలాన్ మేఘం. మన పాలపుంత పక్కనే ఉన్న ఈ చిన్న గెలాక్సీ జులైలో తెల్లవారుజామున గానీ బాగా పైకి రాదు, దానికోసం ఎంత చలైనా మేలుకునే ఉంటాను. 1987 ఫిబ్రవరిలో చిలీలోనే ఉన్న లాస్ కంపానాస్ అబ్జర్వేటరీలో టెలిస్కోపు నడిపే ఆస్కార్ దుహాల్దే ఒక రాత్రి బయటికి వచ్చి తలెత్తితే, ఆ మేఘంలో అంతకు ముందు లేని చుక్క కనిపించింది. అదే రాత్రి ఇయాన్ షెల్టన్ తీసిన ఫొటో ప్లేటులోనూ అది పడింది. 1604 తర్వాత మామూలు కంటికి తేలిగ్గా కనబడిన సూపర్‌నోవా, అంటే పేలిపోయిన నక్షత్రం, అదే. దుహాల్దేకు ఆ ఆకాశం ఎంత కంఠతా వచ్చి ఉంటే అది కొత్త చుక్క అని పోల్చుకోగలిగాడో! నాకు కావలసిన చదువు అది.

చదివేకొద్దీ ఆ నేల గురించి కూడా తెలిసింది. 1973 సెప్టెంబరులో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. మరుసటి నెల, ఇదే ఎడారిలోని కలామా పట్టణంలో 26 మందిని కాల్చి చంపి, శవాలు దొరక్కుండా చేసింది. వాళ్ల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు పారలు పట్టుకుని ఏళ్ల తరబడి ఆ ఎడారిని తవ్వారు. 1990లో దొరికినవి ఎముక ముక్కలే, శవాలను అంతకు ముందే అక్కడి నుంచి తరలించేశారు. ఆ ఆడవాళ్ల గురించి తెలియకుండా, ఆ ఇసుక మీద నిలబడి చుక్కలు మాత్రమే చూసి రావడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందు రాజధాని సాంటియాగోలో దిగి, 2010లో తెరిచిన స్మృతి, మానవ హక్కుల మ్యూజియానికి వెళ్తాను. స్పానిష్ కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాను. చిలీ వాళ్లు మాట చివర అక్షరాలు మింగేస్తూ చాలా వేగంగా మాట్లాడతారట, అదొక్కటే బెంగ.

ఇదంతా నేను ఇంగ్లిష్‌లో వెతుక్కుని చదువుకున్నదే. తెలుగు మీడియంలో చదివి ఇప్పుడిప్పుడే బయటికి అడుగుపెడుతున్న నా తోటివాళ్లకు ఇది తెలుగులో దొరకాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలకు ఎలాగూ చోటిస్తున్నారు. నెలకు ఒక్కసారైనా మరో దేశం గురించి, అక్కడ ఉండి వచ్చినవాళ్లతో రాయించండి. అక్కడి చరిత్ర, భాష, అక్కడివాళ్లు ఏ విషయం మాట్లాడటానికి ఇబ్బంది పడతారు, దేనికి గర్వపడతారు, ఇవన్నీ అడగండి. చిలీ గురించి రాసేవాళ్లు దొరక్కపోతే, ఆగస్టు చివరికి నేను తిరిగి వస్తాను. మీరు అడిగితే రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని