గేమింగ్ ల్యాప్‌టాప్ పెట్టె మీద వాట్లు కూడా రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి కిందటేడు బీటెక్‌లో చేరింది. డేటా సైన్స్ బ్రాంచి కాబట్టి మంచి గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకోమని సీనియర్లు చెప్పారట. మా బడ్జెట్‌లో అలాంటివి దొరికేది గేమింగ్ రకాల్లోనే. ఇద్దరం షాపుకెళ్లి, ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్ పేరైన ఆర్‌టీఎక్స్ 4060 అన్న స్టిక్కర్ చూసి కొన్నాం. సంక్రాంతి సెలవుల్లో తన స్నేహితురాలు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. అదే కంపెనీ, అదే పేరు, చివర ఒక్క అక్షరం తేడా. చిప్ కూడా అదే 4060. ఒకే ప్రాజెక్టు రెండింటిలో పెట్టి చూస్తే ఆ అమ్మాయిది ఎప్పుడో అయిపోయింది, మాది ఇంకా తిరుగుతూనే ఉంది. ఇద్దరూ కూర్చుని కారణం వెతికారు. గ్రాఫిక్స్ చిప్‌కు అందే గరిష్ఠ పవర్ మాదాంట్లో 75 వాట్లు, ఆ అమ్మాయి దాంట్లో 140. ఛార్జర్లు పక్కపక్కన పెడితే వాళ్లది ఇటుకంత ఉంది, మాది అందులో సగం. "ముందే తెలిస్తే ఇంకో పది వేలు సర్దుకునేవాళ్లం కదా నాన్నా" అంది మా అమ్మాయి. షాపతను చెప్పలేదు. పెట్టె మీదా లేదు.

అప్పటినుంచి ఈ పేర్ల సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను. ఖరీదైన వాటికో పేరు, కాస్త అందుబాటు ధరలో ఉండేవాటికో పేరు పెట్టడం చాలా కంపెనీల పద్ధతి. ఏసర్‌లో ప్రిడేటర్, నైట్రో. హెచ్‌పీలో ఒమెన్, విక్టస్. లెనోవోలో లీజియన్, 2023లో వచ్చిన ఎల్‌ఓక్యూ. అసుస్‌లో ఆర్‌ఓజీ, టఫ్. ఇంతవరకు నాకు పేచీ లేదు, రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

తిరకాసంతా ఆ తర్వాత వచ్చే అంకెల దగ్గర. విక్టస్ 15లో 15 అంటే తెర సైజు. లీజియన్ 5లో 5 అంటే ఆ వరసలో దాని స్థాయి. దాని పక్కన ఐ అని ఉంటే ఇంటెల్ ప్రాసెసర్ అని అర్థం. అదే ఇంటెల్‌కు టఫ్‌లో ఎఫ్ అని రాస్తారు. టఫ్ గేమింగ్ ఎఫ్15 అనే ఒకే పేరుతో ఆర్‌టీఎక్స్ 2050 ఉన్నదీ అమ్మారు, 4070 ఉన్నదీ అమ్మారు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఎఫ్‌ఎక్స్506హెచ్‌ఎఫ్, ఎఫ్‌ఎక్స్507వీఐ లాంటి కోడ్‌లు చదవాలి. మామూలు మనిషికి అవి ఎలా అర్థమవుతాయి?

చిప్ పేరైనా నమ్ముదామంటే, డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 24 జీబీ మెమరీ ఉంటే ల్యాప్‌టాప్ 4090లో 9,728 కోర్లు, 16 జీబీ. పూర్తి పేరులో 'ల్యాప్‌టాప్ జీపీయూ' (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్పే) అని ఉంటుంది గానీ అమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎగిరిపోతుంది. మా 4060 సంగతికొస్తే, దాన్ని 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతకైనా అమర్చుకునే వీలు ఎన్‌విడియా ఇచ్చింది. పైన బూస్ట్, అంటే అవసరమైనప్పుడు అందే అదనపు పవర్, కలిస్తే 140 దాకా వెళ్తుంది. సన్నగా, తేలిగ్గా ఉండే మెషీన్‌కు తక్కువ వాట్లు పెట్టడం తప్పు కాదు, వేడి తగ్గాలి కదా. దాచడమే తప్పు. ఒకప్పుడు తక్కువ పవర్ చిప్‌లకు పేరులోనే మ్యాక్స్-క్యూ అని ఉండేది. 2021లో, మా 4060కి ముందు తరమైన 30 సిరీస్ చిప్‌ల ల్యాప్‌టాప్‌లతో అది పేరులోంచి పోయింది. తర్వాత వాట్ల వివరం వెబ్‌సైట్లలో పెట్టమని ఎన్‌విడియా కంపెనీలకు చెప్పింది. కానీ కౌంటర్ ముందు నిలబడి డబ్బు కట్టే తండ్రికి కనిపించేది స్టిక్కర్ ఒక్కటే.

వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం, ధర తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకిచ్చింది. వంద రూపాయల ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద 9 వాట్లని రాసి ఉంటుంది. లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌కు ఎందుకు రాయరు? చిప్ పూర్తి పేరు, దానికి అందే గరిష్ఠ వాట్లు, ఆ మోడల్ వచ్చిన సంవత్సరం పెట్టె మీద, ఆన్‌లైన్ పేజీలో పేరు పక్కనే ఉండాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన తేవాలి.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయ్యాక చాలా ఇళ్లలో ఈ కొనుగోళ్లు మొదలవుతాయి. ఆ నిబంధన వచ్చేలోగా కొనేవాళ్లు డెమో పీసు ఆన్ చేయించి, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూడండి. గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లో అక్కడ ఉంటుంది. మా పిల్లలిద్దరూ ఆ రోజు చూసింది అక్కడే.

– ఓ బీటెక్ విద్యార్థిని తండ్రి, ఖమ్మం