మీనింగ్స్ రాయిస్తే పిల్లలకు మాటలు రావు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది అనంతపురం. మా పాప ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతి చదువుతాంది. మొన్న జూలైలో పేరెంట్స్ మీటింగ్‌కి పోతే వాళ్ల మిస్సు, మీ పాపకి వొకాబులరీ చాలా వీక్ మేడమ్, ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషులోనే మాట్లాడండి అన్నారు. ఆ మిస్సు మంచామే, పాప బాగుపడాలనే చెప్పింది, నేనూ అట్లనే చేశాను. కానీ నాకొచ్చిన ఇంగ్లీషు కమ్, సిట్, ఈట్, హోంవర్క్ కంప్లీట్ చెయ్, అంతవరకే. వారం తిరక్కుండానే ఇల్లంతా మూగబోయింది. ఆటో దిగిన కాణ్ణించి ఎవరు కొట్టుకున్నారు, ఎవరి బాక్సులో ఏం తెచ్చుకున్నారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పే బిడ్డ, యెస్ మమ్మీ, నో మమ్మీ దగ్గర ఆగిపోయింది. మాటలు పెంచమంటే ఉన్న మాటలే పోయినాయి కదా అని భయమేసి ఆ పని మానేశాను.

అప్పుడు పాప నోట్‌బుక్కు తీసి చూశా. పేజీ నిండా మీనింగ్సు. ప్లౌ అంటే నాగలి, సోక్ అంటే నానబెట్టు, ఒక్కోటి ఐదేసి సార్లు, గుండ్రటి అక్షరాలతో, ఎర్ర ఇంకుతో టిక్కు, గుడ్ అని కూడా రాసి ఉంది. ఇంతకీ పాప నన్ను అడిగింది ఏందంటే, "అమ్మా, నాగలి అంటే ఏంది?" అని. తెలియని మాటకు తెలియని ఇంకో మాట అర్థమని చెప్పి ఐదు సార్లు రాయిస్తే బిడ్డకు ఏం దక్కినట్టు సార్? ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు, చెయ్యి నొప్పి వచ్చింది.

దసరా సెలవులకి కళ్యాణదుర్గం దగ్గర మా అమ్మోళ్ల ఊరికి పోయినాం. చేన్లో చెనిక్కాయ, అదే వేరుశనగ, పెరుకుతాండారు. మా అమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చెట్టు పెరికి మట్టి దులిపి చూపించింది. "చూడు పాపా, పువ్వు పైన పూస్తాది, ఆడి నుంచి ఈ ఊడ కిందికి దిగి మట్టిలోకి పోతాది, దాని కొసన కాయ కడతాది" అని. పాప ఆ సన్నటి ఊడను వేలితో తడిమి తడిమి చూసింది. తర్వాత కాయలు ఒలుస్తాంటే ఒకదాంట్లో ఏమీ లేదు. "అవ్వా, దీంట్లో గింజ లేదు" అంటే "అది తాలుకాయలే, పారెయ్" అనింది మా అమ్మ. అంతే, పాఠం లేదు, నోట్‌బుక్కు లేదు. రెండు వారాలకి స్కూలు బ్యాగు సర్దుకుంటా ఖాళీ పెన్సిల్ బాక్సు ఊపి చూసి "ఇది తాలు బాక్సు" అనింది పాప.

ఆ తర్వాత సంక్రాంతికి కదిరి పక్కన తిమ్మమ్మ మర్రిమానుకి పోయినాం. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు అది, 1989లోనే గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. కొమ్మల నుంచి వేలాడేవి చూసి వాళ్ల నాన్న "అవి వేర్లు" అంటే, పాప "కాదు నాన్నా, ఊడలు, చెనిక్కాయకుండేటివే, ఇవి పెద్దవి" అని గట్టిగా చెప్పింది. చెనిక్కాయ ఊడ వేరు, మర్రి ఊడ వేరు అని నాకూ తెలుసు, అది నిదానంగా చెప్పుకోవచ్చు. కానీ చేన్లో విన్న మాటను చెట్టుకింద తనంతట తాను తీసి వాడింది కదా, ఒక మాట బిడ్డ సొంతమవడమంటే అదే అని నాకు ఆ రోజు అర్థమైంది. ఒకే మాట వేరే వేరే చోట్ల, వేరే వేరే సందర్భాల్లో చాలా సార్లు చెవిన పడాల, నోట్లో తిరగాల. ఒక్క రోజు ఐదు సార్లు రాస్తే పట్టుబడేది కాదు.

ఇంట్లో ఇప్పుడు నేను చేసేది పెద్ద కష్టమేం కాదు. ఆదివారం ఉగ్గాని చేసేటప్పుడు పక్కన స్టూలేసి కూర్చోబెడతా. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టేది, పిండేది పాపే. ఇప్పుడు తడిశాయా, నానాయా, ఏంది తేడా అని అడుగుతా, తను ఆలోచించి చెప్తాది. పోపు చిటపటమంటాది, ఉల్లిగడ్డ మగ్గుతాది, మిరపకాయ బజ్జీ వేగుతాది, ఈ ఒక్క పూటలోనే ఎన్ని మాటలో చూడండి. తర్వాత ఒకనాడు సోక్ అనే మాట మళ్లా పాఠంలో వస్తే "బొరుగులు సోక్ చేస్తాం కదా" అనిందంట క్లాసులో. తెలుగులో ఆ పని తెలిసిన బిడ్డకు ఇంగ్లీషులో దాని పేరు చెప్తే చాలు, అతుక్కుంటాది.

రాత్రిపూట పడుకునే ముందు ఒక కథ చదువుతా. గడగడా చదివేసి మూసెయ్యను, మధ్యలో ఆపి ఇప్పుడేమవుతుంది, ఆ నక్క ఎందుకట్ల చేసింది అని అడుగుతా. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు అడగను, ఎందుకు, ఎట్ల అని అడిగితేనే నాలుగు మాటలు బయటికొస్తాయి. బస్సులో పోయేటప్పుడు పొడుపు కథలు. కిటకిట తలుపులు కిటారు తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు అంటే కనురెప్పలు అని చెప్పడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ అడుగుతానే ఉండింది.

మా చిన్నోడికి మూడేళ్లు. వాడికి అన్నం పెట్టాలంటే ఫోన్ ఇచ్చేదాన్ని, అది నా తప్పే, మానుకున్నా. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకి రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్ మాట్లాడుతాది కానీ బిడ్డ మాట్లాడేది వినదు కదా సార్.

ఇంక టీచర్లకి ఒక మనవి. పాఠానికి ఇరవై మీనింగ్సు వద్దు, ఐదు మాటలు చాలు. వస్తువు దొరికితే తెచ్చి చూపించండి, లేదంటే చేసి చూపించండి, పిల్లల చేత వాళ్ల సొంత వాక్యంలో చెప్పించండి, రెండు రోజులాగి మళ్లా అడగండి. మా అక్క కొడుకు సర్కారు బడిలో చదువుతాడు, వాళ్ల పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటాది. అది నాకు చాలా నచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పాలంటుంది.

మా పాప క్లాసులో చెనిక్కాయ అంటే అట్ల అనకూడదు, వేరుశనగ అనాల అన్నారంట. వేరుశనగా నేర్పండి, గ్రౌండ్‌నట్టూ నేర్పండి, మూడూ ఉంటే బిడ్డ దగ్గర మూడు మాటలు ఉన్నట్టు. కానీ అవ్వ నేర్పిన మాట తప్పని చెప్తే ఆ బిడ్డ క్లాసులో ఇంక నోరు తెరవదు. ఇక్కడ ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తండాల్లోంచి వచ్చే సుగాలి పిల్లలున్నారు, వాళ్ల ఇంటి మాట కూడా అడిగి బోర్డు మీద పక్కన రాస్తే ఎంత సంతోషపడతారో. 1820లో ఉద్యోగం మీద కడపకొచ్చిన బ్రౌన్ దొర పరాయి దేశపోడు, ఆయనే మన మాటలు ఏరి 1852లో నిఘంటువు అచ్చేయించాడు, మన టీచర్లు మన మాటను వద్దంటే ఎట్ల?

సార్, మీ పేపర్లో పిల్లల పేజీలో వారానికి ఒక మాట, కర్నూలు, అనంతపురం, కడప వైపు వాడే మాట, బొమ్మతో సహా వేయండి. మొదటిది ఊడ అని వేస్తారేమో అని మా పాప చెనిక్కాయ చెట్టు బొమ్మ గీసింది, ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నా.

ఇట్లు,
ఒక తల్లి,
అనంతపురం