వీల్ లాక్ కీ పోలేదు, మీ వర్క్‌షాపులో విరిగింది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: టైర్ రొటేషన్ తర్వాత వీల్ లాక్ కీ తిరిగి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

రెండేళ్ల కిందట హైదరాబాద్‌లోని మీ షోరూంలో కారు కొన్నప్పుడు, అలాయ్ వీల్స్ ఎవరూ ఎత్తుకుపోకుండా ఉంటాయని చెప్పి మీవాళ్లే లాక్ నట్లు పెట్టించారు. సెట్‌కి 3,200 రూపాయలు కట్టాను. ఒక్కో చక్రానికి ఉన్న ఐదు నట్లలో ఒకటి ఈ లాక్ నట్. దాని తల ఆరు పలకలుగా కాక గుండ్రంగా ఉంటుంది, మధ్యలో వంకర గాడి ఉంటుంది. ఆ గాడిలో కూర్చునే చిన్న కీ లేకపోతే ఏ స్పానరూ పట్టదు.

గత నెల 9న సర్వీసింగ్‌కి ఇచ్చాను. చక్రాల స్థానాలు మార్చే టైర్ రొటేషన్ కూడా చేయాలన్నారు, కీ అడిగారు. గ్లవ్ బాక్స్‌లోని పౌచ్‌తో సహా మీ సర్వీస్ అడ్వైజర్ చేతికి ఇచ్చాను. కీ పోతే ఇంకోటి తెప్పించుకోవడానికి కావాల్సిన కోడ్ రాసి ఉన్న కార్డు కూడా ఆ పౌచ్‌లోనే ఉంది. సాయంత్రం బండి తీసుకునేటప్పుడు పౌచ్ గురించి అడగలేదు. అది నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ మీ జాబ్ కార్డులో కీ తీసుకున్నట్టూ రాయలేదు, ఇచ్చినట్టూ రాయలేదు.

27న విజయవాడలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్. తెల్లవారుజామున బయల్దేరాం. సూర్యాపేట దగ్గర ముందు ఎడమ టైరు పంచరైంది. స్టెప్నీ ఉంది, జాక్ ఉంది. మా అబ్బాయి నాలుగు నట్లు వదులు చేశాడు. ఐదోది లాక్ నట్. పౌచ్ కోసం డిక్కీ, సీట్ల కింద, సంచులు అన్నీ వెతికాం. అమ్మకి 72 ఏళ్లు, షుగర్ ఉంది. లారీలు దూసుకుపోతున్న 65వ నంబరు హైవే పక్కన ఆమెను కూర్చోబెట్టాల్సి వచ్చింది. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మనిషి రావడానికి రెండు గంటలు పట్టింది. వచ్చి మొదట అడిగింది, కీ ఏది అని. లేదంటే, బండిని లారీ మీద ఎక్కించి హైదరాబాద్ తీసుకెళ్తామన్నాడు. దాదాపు 130 కిలోమీటర్లు వెనక్కి.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది పక్కనే ఉన్న పంచర్ షాపు పెద్దాయన. జాక్ ఎత్తకుండా, ముందు వదులు చేసిన నాలుగు నట్లనూ మళ్లీ బిగించమన్నాడు. అవి వదులుగా ఉంటే భారమంతా లాక్ నట్ మీదే పడి ఇంకా బిగుసుకుంటుందట. నట్ తలకన్నా రవ్వంత చిన్నదైన పలచటి సాకెట్ ఏరి, అలాయ్ మీద గీత పడకుండా చుట్టూ పాత ట్యూబ్ ముక్క కప్పి, సాకెట్‌ని సుత్తితో నట్ మీదికి దిగగొట్టాడు. అది గట్టిగా కరుచుకున్నాక పొడుగు పైపు వేసి తిప్పితే కిర్రుమంటూ వదిలింది. 600 తీసుకున్నాడు.

ఆ రోజే మీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. "కీ కస్టమర్ దగ్గరే ఉంటుంది సార్, మేం తీసుకోం" అన్నారు. కోడ్ మీ రికార్డుల్లో ఉందా అంటే లేదన్నారు. మిగతా మూడూ తీయించుకోవాలంటే డ్రిల్ చేయాలి, 11,000 అవుతుంది, వీల్ దెబ్బతింటే బాధ్యత మాది కాదు అన్నారు.

మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్‌కి చూపించాను. అతని దగ్గర ఇలాంటి నట్ల కోసమే చేసిన సాకెట్ ఉంది. లోపల ఎడమవైపు మరలు ఉంటాయి కాబట్టి, నట్ విప్పేకొద్దీ అది ఇంకా లోతుగా కొరుక్కుంటుంది. రెండు తేలిగ్గానే వచ్చాయి. వెనక కుడి చక్రం దగ్గర ఆగి, టార్చ్ వేసి నన్ను పిలిచాడు. గాడిలో మెరుస్తున్న ఉక్కు ముక్క ఇరుక్కుని ఉంది. కీకి ఉండే పన్ను అది. చేత్తో బిగిస్తే ఇలా విరగదు, నట్లను దెబ్బలతో జోరుగా తిప్పే ఇంపాక్ట్ గన్‌తో కొడితేనే విరుగుతుంది అన్నాడు. లాక్ కీ మీద గన్ వాడకూడదని, ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తో చేత్తోనే బిగించాలని అతనికి తెలుసు. మీ వర్క్‌షాపులో తెలియదా? ఆ సర్వీసింగ్‌కి ముందు గానీ తర్వాత గానీ ఆ చక్రాన్ని ఇంకెవరూ విప్పలేదు.

విరిగిన సంగతి ఆ సాయంత్రమే చెప్పి ఉంటే నేను కోప్పడి ఉండేవాణ్ణి కాదు. పనిలో వస్తువులు విరుగుతాయి. చెప్పకుండా పౌచ్ దాచేసి, మమ్మల్ని ఆ నట్లతోనే రోడ్డెక్కించారు. అదీ నా బాధ.

సూర్యాపేటలో 600, ఆటోనగర్‌లో కూలి 1,800, నాలుగు మామూలు నట్లకి 480, పాడైన లాక్ సెట్‌కి 3,200, మొత్తం 6,080 రూపాయలు నాకు తిరిగి ఇవ్వాలి. కీ మేం తీసుకోం అని మీవాళ్లు అన్న మాటను లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవాలి. ఇకమీదట కీ తీసుకున్నప్పుడు, ఇచ్చినప్పుడు జాబ్ కార్డులో రాసి సంతకం పెట్టించాలి, కోడ్‌ని అమ్మకం బిల్లు మీదే వేయాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కూ వెళ్తాను.

బిల్లులు, జాబ్ కార్డు నకలు, విరిగిన పన్ను ఫొటోలు జత చేస్తున్నాను. ఆ ముక్క, అది ఇరుక్కున్న నట్ నా దగ్గరే ఉన్నాయి. మీవాళ్లు చూడాలంటే నేనే తీసుకొచ్చి చూపిస్తాను, కానీ అక్కడ వదిలిపెట్టను.

ఇట్లు,
మీ కస్టమర్