తాళం వేసిన గదిలో డిజిటల్ బోర్డు: విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

హనుమకొండ నుంచి ఒక బీఈడీ ఛాత్రోపాధ్యాయురాలు (టీచరు శిక్షణలో ఉన్న విద్యార్థిని) నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

బడిలో తాళం వేసి ఉంచిన డిజిటల్ బోర్డును పాఠాలకు వాడనివ్వాలని మేము కొందరం ఛాత్రోపాధ్యాయులం కలిసి ఇదివరకే వినతిపత్రాలు ఇచ్చి ఉన్నాము. మొదట ఇచ్చినదానికి రసీదు దొరికింది. తర్వాత ఇచ్చినదానికి సెల్‌ఫోన్‌కు ఒక నంబరు వచ్చింది, కొన్నాళ్లకు అదే నంబరు కింద 'పరిష్కరించడమైనది' అని ఇంకో సందేశం వచ్చింది. ఏమి పరిష్కారమైందో కనుక్కుందామని వెళ్తే, మేము ఏ బడి గురించి రాశామో ఆ బడికే మా కాగితాన్ని 'తగు చర్య నిమిత్తం' పంపించారని, అక్కడి నుంచి 'చర్య తీసుకోవడమైనది' అని జవాబు తెప్పించుకొని ఫైలు మూసివేశారని తెలిసింది. తీసుకున్న చర్య ఏమిటంటే, డిజిటల్ బోర్డు ఉన్న గదికి పాత తాళం సరిపోదని కొత్త తాళం వేయించడం. అందుకే ఈసారి కార్యాలయాల మెట్లెక్కకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఇందులో అమర్యాద ఏమైనా ధ్వనిస్తే అది మీ మీద కోపం వల్ల కాదని, విసిగిపోవడం వల్లనేనని అర్థం చేసుకోగలరు.

ఉన్నత పాఠశాలలకు ఇచ్చిన ఇంటరాక్టివ్ ప్యానెళ్ల (డిజిటల్ బోర్డుల) గురించి తమరికి నేను వివరించనవసరం లేదు. ప్రభుత్వ బడుల బాగుకోసం తెచ్చిన 'మన ఊరు - మన బడి' కింద చేపట్టవలసిన 12 అంశాల్లో డిజిటల్ విద్య ఒకటని, ఆ కార్యక్రమం 2022లో మొదలైందని, ఆ తర్వాత పేర్లు, కమిటీలు మారినా డిజిటల్ తరగతి గది అనే మాట మాత్రం ప్రతి ప్రకటనలోనూ నిలిచి ఉన్నదని తమరికి తెలుసు. నాకు తెలిసింది నేను ఇంటర్న్‌షిప్ చేస్తున్న ములుగు వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఒక్కటే. అక్కడ ప్యానెళ్లు ఉన్నాయి. పిల్లలు వాటిని 'పెద్ద టీవీ' అంటారు. మా హాజరు మొదలైన రోజు నుంచి ఈ లేఖ రాసే రోజు వరకు వాటిలో ఒక్కదాని ముందు నిలబడి ఒక్క పాఠమైనా చెప్పే భాగ్యం మాకు దక్కలేదు.

ప్రధానోపాధ్యాయుల వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నది వారి సంతకం. రాత్రి కాపలాకు మనిషి లేడు. ప్రహరీ ఒకవైపు కూలిపోయింది. ఊరి కోతులు వరండాలోని వైర్లను పట్టుకొని ఊగి ఒకసారి కనెక్షన్ తెంపేశాయి కూడా (పట్నంలో కూర్చున్నవారికి ఇది నవ్వులాటగా అనిపించవచ్చు గాని, మా వైపు ఏ బడినడిగినా కోతుల బాధ ఒక పేజీ చెప్తారు). ప్యానెల్‌కు ఏమైనా అయితే వివరణ రాసేది ఎవరు, రికవరీ ఎవరి జీతంలోంచి అని ఆయన అడిగితే, రెండేళ్ల కోర్సుకు వచ్చి వెళ్లిపోయే నేను ఏమి జవాబు చెప్పగలను? నూటపాతిక మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం నుంచి ఖర్చులన్నిటికీ కలిపి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 50,000 రూపాయలు. సుద్దముక్కల నుంచి ఫినాయిల్ దాకా, పగిలిన కిటికీ నుంచి పంద్రాగస్టు చాక్లెట్ల దాకా అందులోంచే సర్దుకోవాలి. అంత ఖరీదైన వస్తువును అప్పగించి, దాని మరమ్మతుకు విడిగా పైసా ఇవ్వకుండా, పోతే నీదే పూచీ అని చెబితే ఏ మనిషైనా చేసే పని ఆయన చేశారు. దానిమీద పాత దుప్పటి కప్పి, గదికి తాళం వేశారు.

అయితే అయ్యా, ఆ గదికి తాళం ఉన్నంతకాలం నేను నేర్చుకోవలసినది కూడా ఆ తాళం వెనుకనే ఉంటుంది. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలి. పుస్తకంలో చదివినదాన్ని పిల్లల ముందు పెట్టి చూసుకోవడానికే కదా ఆ వారాలు. మేము రాసే ప్రతి పీరియడ్ పథకంలో 'వినియోగించిన బోధనోపకరణాలు' అనే గడి ఉంటుంది. అందులో డిజిటల్ వనరులు అని రాయకపోతే పరిశీలకులు ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెడతారు, రాస్తే టిక్కు పెడతారు. ఆ వనరులు తాళం వెనుక ఉన్నాయని అందరికీ తెలుసు. అయినా గడి నిండాలి. ఉపాధ్యాయ వృత్తిలో నేను నేర్చుకుంటున్న మొదటి పాఠం గడి నింపడమే కావడం తమరికి సమ్మతమేనా?

టెక్నాలజీ కనిపించగానే మురిసిపోయే మనిషిని కాను నేను. నా మెథడాలజీ, అంటే నేను బోధించడం నేర్చుకుంటున్న సబ్జెక్టు, జీవశాస్త్రం. కిరణజన్య సంయోగక్రియ పాఠానికి నాకు ఏ ప్యానెలూ అవసరం లేదు. బడి ఆవరణలో చెట్లున్నాయి. ఒక ఆకుకు కొంతమేర నల్ల కాగితం చుట్టి ఎండలో ఉంచి, తర్వాత తెంపి, వేడినీళ్లలో పెట్టిన స్పిరిట్‌లో ఉడికించి, అయోడిన్ చుక్కలు వేస్తే, వెలుతురు తగిలిన మేర నల్లబడి, కప్పిన మేర అలాగే ఉంటుంది. పిల్లలు దాన్ని తమ చేతులతో చేశాక మళ్లీ వీడియోలో చూపించడం వట్టి కాలక్షేపం. లెక్కల పాఠం కూడా అంతేనని నా స్నేహితురాలు అంటుంది. లెక్క ఒక్కో మెట్టుగా నల్లబల్ల మీద పడుతుంటే పిల్లవాడు దాని వెంట నడుస్తాడు, తయారైన స్లైడు ఒక్కసారిగా ముందు వాలితే దిక్కులు చూస్తాడు. అవసరం లేనిచోట తెర దించకపోవడం కూడా టీచరు నేర్చుకోవలసిన విద్యే, కాని అది తెర చేతికి వచ్చాకనే నేర్చుకోగలిగిన విద్య.

తెర నిజంగా కావలసిన చోటు కూడా చెబుతాను. పదవ తరగతిలో ప్రసరణ పాఠం. పుస్తకం మేక గుండెను తెచ్చి కోసి పరిశీలించమంటుంది. ఆదివారం మటన్ దుకాణంలో ముందుగా చెప్పి పెట్టి తెచ్చాను, సోమవారం పిల్లలకు కోసి చూపించాను. పై గదులైన కర్ణికల గోడలు పలుచన, కింది గదులైన జఠరికల గోడలు మందం, ఎడమ జఠరిక గోడ మరీ మందం. వేలు పెట్టి చూసిన పిల్లలు దాన్ని జన్మలో మరిచిపోరు. అంతవరకు ప్యానెల్ కన్న మేక గుండెనే గొప్పది. కాని అది ఆగిపోయిన గుండె. అగ్రత్రయ కవాటం ఎప్పుడు తెరుచుకుంటుంది, అగ్రద్వయ కవాటం మూసుకున్నాక రక్తం వెనక్కి ఎందుకు పోదు, కర్ణికలు ముడుచుకున్నప్పుడు జఠరికలు ఏమి చేస్తుంటాయి, ఇదంతా నిమిషానికి సుమారు 72 సార్లు, ఒక్కో హార్దిక వలయం (ఒక పూర్తి గుండె స్పందన) దాదాపు 0.8 సెకన్లలో జరిగిపోతుందంటే, ఆ కదలికను నల్లబల్ల మీద ఏ బాణం గుర్తులతో గీయాలి? నేను రంగు సుద్దముక్కలతో గీశాను. వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి, "టీచర్, గవి రెండు ఒక్కసారే మూసుకుంటయా, ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటయా?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! కదిలే బొమ్మను నెమ్మదిగా నడిపించి, మధ్యలో ఆపి, "నువ్వే చూసి చెప్పరా" అనవలసిన ప్రశ్న. ఆ బొమ్మ చూపగలిగిన ప్యానెల్ గోడకు అవతల గదిలో ఉన్నది. నా చిన్న ఫోన్‌లో సిగ్నల్ వచ్చిన మూలకు పిల్లలను జట్లుగా పిలిచి చూపిస్తుండగానే పీరియడ్ అయిపోయింది.

అదే బడిలో సిగ్నల్ దొరికినా దొరకకపోయినా పొద్దున్నే తప్పనిసరిగా జరిగే పని ఒకటున్నది. పిల్లల ముఖాలను ఫోన్‌లో చూపించి హాజరు వేయడం. ఫోన్ టీచర్లది, డేటా టీచర్లది. ఆ హాజరు ఆలస్యమైతే పై నుంచి ఫోన్ వస్తుంది. ప్యానెల్ ఆన్ చేసి ఎన్ని రోజులైందని మాత్రం ఇంతవరకు ఒక్క ఫోన్ రాలేదు. పిల్లవాడు వచ్చాడా లేదా అని చూసే సాంకేతికతకు ఇంత పట్టుదల ఉన్నప్పుడు, వచ్చిన పిల్లవాడికి ఏమి అందింది అని చూసే సాంకేతికతకు అందులో సగం పట్టుదలైనా ఎందుకు లేదు? బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో డిజిటల్ బోర్డులు ఎన్ని, వాటిలో పనిచేసేవి ఎన్ని అని అడుగుతారు. దుప్పటి కింద ఉన్నది కూడా పనిచేసేదే, స్విచ్ వేస్తే వెలుగుతుంది కనుక. ఆ లెక్కలో అబద్ధం లేదు. దాని ముందు ఎవరైనా పాఠం చెప్పారా అని అడిగే గడి పెడితే మాత్రం పట్టిక మొత్తం తెల్లబోతుంది.

ఇక మా శిక్షణ సంగతి. బీఈడీలో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) మీద ఒక పేపరే ఉన్నది. దానికి రికార్డు రాయాలి. సీపీయూ, మానిటర్, కీబోర్డు బొమ్మలు గీసి భాగాలు గుర్తించి, పవర్‌పాయింట్ స్లైడ్లు ఇంటర్నెట్ సెంటర్‌లో కలర్ ప్రింట్లు తీయించి రికార్డులో అతికించాము. స్లైడ్లు అతికించిన కాగితాలను అట్ట వేసి సమర్పిస్తే మార్కులు పడ్డాయి. కళాశాలలోని ప్రొజెక్టర్‌ను తనిఖీ బృందం వచ్చిన రోజున చూశాము. టెట్ మేము కంప్యూటర్ మీదనే రాస్తున్నాము. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదనే జరిగింది. మౌస్ పట్టుకొని సరైన జవాబు ఎంచుకోవడం వరకు మేము డిజిటల్ ఉపాధ్యాయులమే. ఉద్యోగం వచ్చాక శిక్షణ ఇస్తారని అంటారు. ప్యానెళ్ల మీద శిక్షణ పొందిన సార్లలో ఒకరు బదిలీ మీద వెళ్లిపోయారు, ఒకరు రిటైర్మెంట్‌కు దగ్గరగా ఉన్నారు. ఇంకో ముప్పై ఏళ్లు ఈ తెరల ముందు నిలబడవలసిన మమ్మల్ని మాత్రం, మీరు విభాగానికి చెందినవారు కాదు కనుక ఆ శిక్షణలో కూర్చోరాదన్నారు. వెనుక వరుసలో నిలబడి వింటామన్నా ఒప్పుకోలేదు. భోజనం కూడా మా టిఫిన్ బాక్సులోదే తింటామని చెప్పాము.

ప్యానెళ్లలో చూపించే సామగ్రి గురించి కూడా ఒక మాట. 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండేలా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. అది చాలా తెలివైన ఏర్పాటు, ఆ పుస్తకాలు వేసినవారికి దండం పెట్టాలి. అదే తెలివి వీడియోల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? నేను వెదికి పట్టుకున్న మంచి యానిమేషన్లలో ఎక్కువ భాగం వేగంగా సాగే ఇంగ్లీషువే. మా తరగతిలో ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలున్నారు, లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు. వారికి తెలుగే రెండవ భాష. ఆ వీడియో గొంతు ఆపేసి, ఆ బొమ్మకు మా మాటల్లో మేమే చెప్పుకుంటాము, ఒక్క పెన్‌డ్రైవ్ పెట్టుకొనే అనుమతి ఇవ్వండి చాలు. ఇంటర్నెట్ కూడా అడగడం లేదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర విద్యా ఛానెల్ టీ-శాట్‌లో పాఠాలు వేసినప్పుడు మా తమ్ముడితో పాటు మా వాడ పిల్లలు ఒక్క టీవీ ముందు కూర్చొని చూడటం నాకు గుర్తున్నది. పాఠం బాగానే ఉండేది, సందేహం వస్తే అడగడానికి ఎదురుగా మనిషే ఉండేవాడు కాదు. ఇప్పుడు మనిషి ఉన్నది, పిల్లలున్నారు, తెర ఉన్నది, తాళంచెవి ఒక్కటి లేదు.

మేము కోరేది కొత్త పథకం కాదు. ఇంకో యాప్ అసలే వద్దు. ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధతో చదువు చెప్పే ప్రయత్నాల గురించి 2025లో పత్రికల్లో చదివి సంతోషించాము, అవి బాగుండాలి. ముందు మా బడిలో ఉన్నదాని దుప్పటి తీయించండి. ప్యానెల్ వాడుతుండగా చెడిపోతే దానికి ప్రధానోపాధ్యాయులు బాధ్యులు కారని, వాడకుండా దాచిపెడితేనే జవాబు చెప్పుకోవాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. మరమ్మతుకు గ్రాంట్‌తో సంబంధం లేకుండా ఏదైనా దారి చూపండి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఛాత్రోపాధ్యాయులు సంబంధిత ఉపాధ్యాయుల సమక్షంలో దానిమీద పాఠం చెప్పవచ్చని ఆ ఉత్తర్వులోనే రాయండి. శిక్షణలు జరిగినప్పుడు మమ్మల్ని ఒక మూల కూర్చోనివ్వండి. ఇవి ఎక్కువనిపిస్తే మొదటిదొక్కటే ఇవ్వండి. తాళం తీయించండి మహానుభావా, మిగతావి మేము బతిమాలుకొని సాధించుకుంటాము.

దయచేసి ఈ లేఖను కూడా 'తగు చర్య నిమిత్తం' ఆ బడికే పంపించవద్దు. అక్కడ మూడో తాళం వేయడానికి గొళ్లెంలో చోటు లేదు. మా ఇంటర్న్‌షిప్ ఇంకొన్ని వారాల్లో ముగుస్తుంది. పదవ తరగతిలో నియంత్రణ, సమన్వయం పాఠం చెప్పవలసి ఉన్నది. నాడీ ప్రచోదనం ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి ఎలా పోతుందో పిల్లలకు కదిలే బొమ్మలో చూపించాలని ఉన్నది. ఆలోపు ఉత్తర్వు వెలువడేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక ఛాత్రోపాధ్యాయురాలు,
హనుమకొండ